ఆన్‌లైన్ ఆటల్లో పాట: వేళ్లతో వాయించాలా, మాక్రోకు వదిలేయాలా?

వేలమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో కత్తులు, మంత్రాలతో పాటు వాయిద్యాలు కూడా ఉంటాయి. సంత మధ్యలోనో సత్రంలోనో ఒక పాత్ర వేణువు తీసి వాయించడం మొదలుపెడుతుంది. దారినపోయే ఆటగాళ్లు ఆగి వింటారు. కొందరు తమ పాత్రల చేత నాట్యం చేయిస్తారు, కొందరు ఆటలోని నాణేలు బహుమానంగా ఇస్తారు. తెర అవతల కూర్చున్న మనిషి కీబోర్డు మీద ఒక్కో స్వరం పలికిస్తున్నాడా, ఒక్క మీట నొక్కి మిగతా పని మాక్రోకు అప్పగించాడా అన్నది మాత్రం వాళ్లకు తెలియదు.

మాక్రో అంటే ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలి, మధ్యలో ఎంతసేపు ఆగాలి అన్నది ముందే రాసిపెట్టుకున్న చిన్న ప్రోగ్రాము. ఒకసారి రాస్తే అదే పాటను ఎన్నిసార్లయినా తప్పు లేకుండా వాయిస్తుంది. ఇది సంగీతమేనా, మోసమా అన్న వాదన ఇరవై ఏళ్లకు పైగా ఆటగాళ్ల మధ్య నడుస్తోంది. ఒక్కో ఆట ఒక్కో తీర్పు చెప్పింది. ఆ తీర్పులను వరసగా పరిశీలించాక నాకు తేలింది ఇది: మాక్రోను వెలివేయనక్కర్లేదు, కానీ వినేవాళ్లకు బదులు పలకగల శక్తి చేతి వాయింపుకే ఉంది. ఆ శక్తికి చోటు మిగల్చని ఆటలో సంగీతం ఎంత తీయగా ఉన్నా మనుషుల మధ్య జరిగే సంగతిగా మిగలదు.

ఆటలు ఇచ్చిన తీర్పులు

అన్నిటికన్నా చేదు పాఠం 2003 జూన్‌లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్ అనే ఆటది. అందులో సంగీతకారులు, నర్తకులు ఒక ప్రత్యేక వృత్తి. యుద్ధాలు చేసి అలసిన ఆటగాళ్లు క్యాంటీనా అనే పానశాలకు వచ్చి, ఆ కళాకారులను చూస్తూ, వింటూ కూర్చుంటేనే వాళ్ల అలసట తీరేది. యోధులూ కళాకారులూ ఒకచోట చేరి మాట్లాడుకోవాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. అక్కడి పాటలు ముందే రికార్డు చేసినవి. వాయించేవాడు చేయగలిగిందల్లా పాట మొదలుపెట్టి, నడుమ నడుమ కొన్ని విరుపులు జోడించడమే. ఆటలోనే మాక్రో రాసుకునే సదుపాయం ఉంది కాబట్టి, చాలామంది ఆ విరుపులను మాక్రోకు అప్పగించి కుర్చీలోంచి లేచిపోయారు. పానశాలల నిండా వాయించే బొమ్మలు మిగిలాయి. పలకరిస్తే పలికే దిక్కు లేదు. ఆ ఆటలో స్వరాలు ఎలాగూ యంత్రానివే. మనిషి తెచ్చేది తన ఉనికి ఒక్కటే. మాక్రో సరిగ్గా దాన్నే తీసేసింది. 2011 డిసెంబరులో ఆట మూతపడింది. మూతపడటానికి కారణాలు వేరే ఉన్నా, ఈ పాఠం మాత్రం తర్వాతి ఆటలన్నిటికీ పనికొచ్చేది.

2004లో కొరియాలో మొదలైన మబినోగి వేరే దారి పట్టింది. అక్కడ స్వరాలను అక్షరాలుగా, అంకెలుగా టైపు చేసి ఆటలోని స్వరపత్రం మీద రాసుకోవాలి. పాత్రకు స్వరరచనలో నైపుణ్యం పెరిగేకొద్దీ అంత పొడవైన పాట రాసే వీలు దొరుకుతుంది. ఆ రాతలిపి 1980ల నాటి జపాన్ ఇంటి కంప్యూటర్లలో వాడిన ఎంఎంఎల్ అనే లిపికి వారసురాలు. అంటే ఇక్కడ ముందే రాసిపెట్టడమే కళ. చేతితో అప్పటికప్పుడు వాయించాలన్న ఆశ ఆ ఆట మొదటినుంచీ పెట్టలేదు, కాబట్టి మోసమన్న ఫిర్యాదుకూ తావు లేదు.

2007 ఏప్రిల్‌లో వచ్చిన ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్ రెండు దారులనూ తెరిచింది. ల్యూట్, హార్ప్, వేణువు, క్లారినెట్, కొమ్ము, బ్యాగ్‌పైప్, డప్పు వంటి వాయిద్యాలను మీటలతో నేరుగా వాయించవచ్చు. లేదా ఏబీసీ అనే స్వరలిపిలో రాసిన ఫైలును కంప్యూటర్‌లోని మ్యూజిక్ ఫోల్డరులో పెట్టి, ఆటలో ఒక ఆదేశం టైపు చేస్తే పాత్ర దానంతట అదే వాయిస్తుంది. ఒక బృందంలో ఒక్కొక్కరు ఒక్కో వాయిద్యపు భాగాన్ని సిద్ధం చేసుకున్నాక, నాయకుడు మొదలుపెట్టగానే అందరి భాగాలూ ఒకే క్షణంలో కదులుతాయి. బయటి మాక్రో చేసే పనిని ఆటే తన సొంత సదుపాయంగా ఇచ్చేసిందన్నమాట. దాని ఫలితం చెడ్డదేమీ కాదు. 2009 నుంచి ఆ ఆటలోని వెదర్‌టాప్ కొండమీద ఆటగాళ్లే వెదర్‌స్టాక్ పేరుతో ఏటా సంగీతోత్సవం జరుపుకుంటూ వచ్చారు. బృందాలు పేర్లు పెట్టుకున్నాయి, దుస్తులు కుట్టించుకున్నాయి, పాటలు ఎంచి, భాగాలు పంచుకుని, ముందుగా సాధన చేసి వేదిక ఎక్కాయి. స్వరాలు ఫైలు నుంచి వచ్చినా ఆ కూడిక మనుషులదే.

2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 తీర్పు ఇంకా ఆసక్తికరం. మాక్రోల విషయంలో ఆ సంస్థ నియమం చాలా కఠినం: ఒక మీట నొక్కితే ఒక పనే జరగాలి. ఆ నియమానికి మినహాయింపు ఇచ్చింది సంగీతానికి. ఆటలోని వాయిద్యాల కోసం స్వరాలు కూర్చడానికి, వాయించడానికి మాక్రో వాడుకోవచ్చని విధానంలోనే రాసింది. పోరాటంలో మాక్రో వాడితే ఎదుటివాడికి అన్యాయం జరుగుతుంది. పాటలో వాడితే ఎవరి సొమ్మూ పోదు. ఇదీ ఆ మినహాయింపు వెనకున్న న్యాయం.

ఫైనల్ ఫాంటసీ 14లో బార్డ్ వృత్తి పాత్రలకు 2017లో వాయించే సదుపాయం వచ్చింది. అర్ధస్వరాలతో సహా మూడు స్థాయిల కీబోర్డు, మెట్రోనోము, తర్వాత ఎనిమిదిమంది కలిసి వాయించే మేళం పద్ధతి కూడా చేరాయి. కానీ బయటి ప్రోగ్రాములను ఆ సంస్థ నిబంధనలు మొత్తంగా నిషేధిస్తాయి. అయినా మిడి అనే స్వరాల ఫైళ్లను చదివి మీటలు నొక్కే ప్రోగ్రాములు ఆటగాళ్లలో విరివిగా తిరుగుతున్నాయి. కాగితం మీద నిషేధం, కూడలిలో వాడకం. దీనివల్ల నష్టపోయేది నిజాయితీ. మాక్రో వాడేవాడు ఆ మాట పైకి చెప్పలేడు, చెప్తే ఖాతా పోతుందన్న భయం.

వీటికి పూర్తిగా భిన్నమైనది 2007లో మొదలైన ఓసు వంటి లయ ఆట. అక్కడ పాట ఎలాగూ మోగుతూనే ఉంటుంది, పరీక్ష అంతా ఆటగాడి వేళ్ల వేగానిదీ గురిదీ. కాబట్టి అక్కడ మాక్రో వాడటం పచ్చి మోసం, అందులో రెండో మాట లేదు. అదే ఆటలో ఆటో అనే పద్ధతి కూడా ఉంది. యంత్రమే ఆడి చూపిస్తుంది, దానికి మార్కులు లెక్కకు రావు, ఎవరికీ కోపం రాదు. యంత్రం వాయించడం కన్నా, యంత్రం వాయించినదాన్ని నా వేళ్లదని చెప్పుకోవడమే తప్పని ఈ ఏర్పాటు తేటతెల్లం చేస్తుంది.

నూటపాతికేళ్ల నాటి తగువు

ఈ తగువు కంప్యూటర్లతో పుట్టలేదు. 1895లో అమెరికాలో ఎడ్విన్ వోటీ పియానోలా అనే యంత్రాన్ని తయారుచేశాడు. రంధ్రాలు కొట్టిన కాగితపు చుట్టను అది చదివి పియానో మీటలను నొక్కేది. 1906లో సైనిక బ్యాండు సంగీతానికి పేరుపొందిన జాన్ ఫిలిప్ సూసా, యాంత్రిక సంగీతం వల్ల ఇంటింటా చేతితో వాయించే అలవాటు చచ్చిపోతుందని ఆందోళనపడుతూ ఒక పెద్ద వ్యాసం రాశాడు. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కాగితపు చుట్టలు స్వరరచనకు నకళ్లు కావని తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాదే చట్టం మార్చి, ఒక్కో చుట్టకు 2 సెంట్లు స్వరకర్తకు చెల్లించాలని నిర్ణయించారు.

ఈ చరిత్రలో రెండు సంగతులు మన ప్రశ్నకు పనికొస్తాయి. మొదటిది, పియానోలా ముందు కూర్చున్న మనిషి ఊరికే ఉండేవాడు కాదు. పాదాలతో గాలి కొడుతూ, చేతి మీటలతో కాలప్రమాణాన్ని, బిగ్గర మెల్లనలను నడిపేవాడు. స్వరాలు యంత్రానివి, నడక మనిషిది. రెండోది, కాన్లన్ నాన్‌కారో కథ. మెక్సికో సిటీలో స్థిరపడిన ఈ స్వరకర్త ఆ కాగితపు చుట్టలకే దాదాపు 50 రచనలు చేశాడు. ఒకే పాటలో వేర్వేరు వేగాల్లో పరుగెత్తే వరసలు, పది వేళ్లకు అందని స్వరాల జల్లులు అందులో ఉన్నాయి. రంధ్రాలను తన చేత్తో ఒక్కొక్కటిగా కొట్టుకునేవాడు. ఆయన సంగీతాన్ని చేతి వాయింపు కాదని ఎవరు తక్కువ చేయగలరు? యంత్రం కోసం రాయడం కూడా ఒక కళేనని ఆయన జీవితమంతా రుజువు చేశాడు.

మన దేశంలోనూ ఇటువంటి గొడవ జరిగింది. గమకం పలకదు, శ్రుతి మన శ్రుతి కాదు అన్న కారణాలతో ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో ఆ నిషేధాన్ని సడలించింది. ఆ మధ్యకాలంలోనూ నాటకాల్లో, భజనల్లో హార్మోనియం మోగుతూనే ఉంది. వాయిద్యం పరిమితిని చూసి దాన్ని బహిష్కరిస్తే జనం వినరు. ఆ పరిమితిలో ఏం పలుకుతుందో చూస్తారు.

వేళ్లకు అడ్డొచ్చే సాంకేతిక చిక్కులు

మాక్రో వాడేవాళ్లందరూ బద్ధకస్తులన్న ఆరోపణ అన్యాయం. ఆట వాయిద్యం మీద చేత్తో వాయించడం అసలు వాయిద్యం కన్నా కొన్ని విషయాల్లో కష్టం.

గిల్డ్ వార్స్ 2 వాయిద్యాల్లో ఎనిమిది మీటలు ఒక స్థాయికి సరిపోతాయి. కింది స్థాయికి దిగడానికి 9, పైకి ఎక్కడానికి 0 నొక్కాలి. మధ్య స్థాయి నుంచి తారస్థాయికి వెళ్లి వెంటనే తిరిగి రావాలంటే, స్వరాలకు తోడు ఈ మార్పులూ లయ తప్పకుండా పడాలి. సర్వరు కొంచెం మందగిస్తే స్థాయి మారకముందే స్వరం పడిపోతుంది, పాట పట్టు తప్పుతుంది. మామూలు కీబోర్డుల్లో మరో ఇబ్బంది ఉంది. చవకరకం కీబోర్డు కొన్ని మీటల కలయికలను ఒకేసారి గుర్తించలేదు. మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కితే ఒకటి మాయమవుతుంది.

మేళంగా వాయించాలంటే భౌతికశాస్త్రమే అడ్డం. ఇద్దరు కలిసి లయ తప్పకుండా వాయించాలంటే ఒకరి ధ్వని మరొకరికి దాదాపు 30 మిల్లీసెకన్ల లోపు చేరాలి. గదిలో పది మీటర్ల దూరం నుంచి ధ్వని రావడానికి పట్టే సమయం అది. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాకు నేరుగా కొలిస్తే సుమారు 13,500 కిలోమీటర్లు. ఫైబరు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఎక్కడా ఆగకుండా తిన్నగా వెళ్లినా ఒకవైపుకే 67 మిల్లీసెకన్లు కావాలి. నిజమైన తీగలు తిన్నగా వెళ్లవు, మధ్యలో రూటర్లు, సర్వర్లు ఉంటాయి. అమెరికాలోని తెలుగు పిల్లలకు ఇక్కడినుంచి వీడియో కాల్లో సంగీతం చెప్పే గురువులకు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. ఇద్దరూ కలిసి పాడలేరు. గురువు పాడి ఆగితే శిష్యురాలు అందుకుంటుంది. ఆటలో దూర దేశాల ఆటగాళ్లు చేసే కచేరీలో ఎనిమిది వాయిద్యాలు ఒక్క గొంతుతో మోగాయంటే, దాని వెనక ఆట పెట్టిన కాల సర్దుబాటో, ఫైలో, మాక్రోనో ఉండి తీరాలి. మేళాల విషయంలో మాక్రో చాలాసార్లు తప్పించుకోలేని పరికరం.

చేతులు సహకరించని వాళ్ల సంగతి కూడా మరవకూడదు. వేళ్ల నొప్పులున్నవారికి, ఒక చెయ్యి మాత్రమే వాడగలిగినవారికి, మాక్రో ఒక్కటే కూడలిలో పాట వినిపించే దారి. వాళ్ల పాటను తక్కువ చూపు చూడటం అమానుషం.

ఆట వాయిద్యం మీద మన రాగాలు

తెలుగు ఆటగాళ్లకు ఇందులో ప్రత్యేకమైన ఆసక్తి ఉండాలి. 2021 మార్చిలో జెన్‌షిన్ ఇంపాక్ట్ ఆటలో వచ్చిన విండ్‌సాంగ్ లైర్‌కు 21 మీటలు. మూడు వరసలు మంద్ర, మధ్య, తార స్థాయిలు. ఒక్కో వరసలో పియానో తెల్లమీటల్లాంటి ఏడు స్వరాలు, నల్లమీటలు లేవు. ఫోన్‌లో ఆడే స్కై ఆటలో 15 మీటలు, రెండు స్థాయిలు.

ఆ ఏడు స్వరాలు మన లెక్కలో ధీరశంకరాభరణం. గ్రహభేదం చేస్తే, అంటే అదే వరసలో వేరే స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే, ఖరహరప్రియ, హనుమతోడి, మేచకల్యాణి, హరికాంభోజి, నఠభైరవి కూడా దొరుకుతాయి. మోహనం, హంసధ్వని, మధ్యమావతి, హిందోళం పలుకుతాయి. కానీ సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లా సరళీ స్వరాలు మొదలుపెట్టే మాయామాళవగౌళ మాత్రం ఆ మీటల మీద ఎటు తిప్పినా రాదు. మలహరిలోని పిళ్లారి గీతాలు రావు, మోహనంలోని వరవీణా గీతం వస్తుంది. ఇక గమకాల సంగతి చెప్పనక్కర్లేదు. మీట నొక్కితే ఆ ఒక్క స్వరమే పలుకుతుంది. స్వరం నుంచి స్వరానికి జారుడు లేదు, ఊపు లేదు.

ఈ పరిమితి మన ప్రశ్నకు ఒక కీలకమైన జవాబు ఇస్తుంది. చాలా ఆటల్లో మీటను ఎంత గట్టిగా నొక్కామన్నది లెక్కలోకి రాదు. బిగ్గర, మెల్లన ఉండవు. గమకం ఉండదు. అప్పుడు వాయించేవాడి వ్యక్తిత్వం నిలిచే చోటు ఒక్కటే: కాలం. ఏ స్వరాన్ని రెప్పపాటు ఆలస్యంగా వేశాడు, ఏ పాదం చివర ఊపిరి తీసుకున్నాడు, ఎక్కడ వేగం పెంచాడు. మాక్రో సరిగ్గా ఆ ఒక్క చోటునే సమానంగా కొలిచి కత్తిరిస్తుంది. అందుకే శ్రద్ధగా వినే చెవికి రెండిటి మధ్య తేడా తెలుస్తుంది. అయితే ఈ తేడాను సాక్ష్యంగా పట్టుకుని ఎవరినీ నిందించకూడదు. వ్యవధులను అక్కడక్కడా కావాలని అటూ ఇటూ జరిపే మాక్రోలు ఉన్నాయి. మెట్రోనోము పెట్టుకుని గడియారంలా వాయించే మనుషులూ ఉన్నారు.

మాక్రో వెనకున్న మనిషి

మాక్రో వాడేవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం మరో పొరపాటు. ఒక సినిమా పాటను ఆట వాయిద్యానికి మలచాలంటే చాలా పనుంది. మూడు స్థాయిల్లోకి స్వరాలను సర్దాలి, లేని అర్ధస్వరాలకు ప్రత్యామ్నాయం వెతకాలి, ఏ వరస వేణువుకు, ఏ వరస తీగ వాయిద్యానికి అన్నది తేల్చాలి, ఆట ఆలస్యాన్ని లెక్కవేసి వ్యవధులు సరిచేయాలి. ఇది స్వరసంయోజన. దీన్ని చేసినవారు సంగీతకారులే.

ఆ ఫైలును దించుకుని, రాసినవారి పేరు ఎక్కడా చెప్పకుండా వాయించి చప్పట్లు కొట్టించుకునేవాడు వేరు. నిజానికి ఏబీసీ లిపిలో పాట పేరుకు, స్వరకర్తకు, లిప్యంతరం చేసినవారికి వేర్వేరు గళ్లు ఉన్నాయి. లిపిని రూపొందించినవాళ్లకు ఉన్న మర్యాద వాడేవాళ్లకూ ఉండాలి. పాట మొదలుపెట్టే ముందు ఒక వాక్యం చాట్‌లో టైపు చేస్తే చాలు: పాట ఎవరిది, ఆటకు మలిచింది ఎవరు, ఇది ఫైలు వాయిస్తోందా, వేళ్లా. ఆ వాక్యం చెప్పాక మాక్రో మీద ఉన్న నైతిక అభ్యంతరాల్లో చాలావరకు తీరిపోతాయని నా నమ్మకం.

వేళ్లకే చెల్లినది

అన్నీ ఒప్పుకున్నాక కూడా చేతి వాయింపుకు మిగిలే విలువ ఏమిటి? అది బదులు పలుకుతుంది.

కూడలిలో ఎవరో వచ్చి పక్కన నిలబడి డప్పు తీస్తే, చేత్తో వాయించేవాడు వేగం తగ్గించి అతన్ని కలుపుకుంటాడు. ఆలస్యం వల్ల తాళం సరిగ్గా కుదరకపోయినా, ఒకరు వాయించి ఆగితే మరొకరు అందుకునే పద్ధతి కుదురుతుంది. వినేవాళ్లు ఒక పాట అడిగితే, పూర్తిగా రాకపోయినా పల్లవి వెతుక్కుంటూ వాయిస్తాడు. నాట్యం చేసేవాళ్లు అలసిపోలేదని చూసి ఇంకో చుట్టు తిప్పుతాడు. తప్పు పడితే నవ్వులు, ఓదార్పులు చాట్‌లో వస్తాయి, స్నేహాలు అక్కడే మొదలవుతాయి. కర్ణాటక సంగీతంలో కల్పితం, మనోధర్మం అని రెండు పాయలున్నాయి. ముందే కూర్చిన పాట కల్పితం, దాన్ని మాక్రో అద్భుతంగా అందిస్తుంది. అప్పటికప్పుడు పుట్టే మనోధర్మానికి ఆ క్షణంలో ఆలోచించే మనిషి కావాలి. స్వరకల్పన చేస్తున్న గాయకుడికి వయొలిన్ విద్వాంసుడు జవాబిచ్చే తీరును ఏ ఫైలులోనూ ముందే రాసిపెట్టలేం.

నేర్చుకోవడం కూడా వేళ్లతోనే. ఆట వాయిద్యం మీద ఒక పాటను వెతికి పట్టుకున్న పిల్లవాడి చెవి స్వరస్థానాలను గుర్తుపట్టడం మొదలుపెడుతుంది. రేపు వాడు కీబోర్డో వీణో నేర్చుకుంటే ఆ చెవి తోడుంటుంది. ఫైలు దించుకుని మీట నొక్కిన పిల్లవాడికి ఆ లాభం లేదు. సూసా భయంలో నిజమున్న భాగం ఇదేనని నేననుకుంటున్నాను. యంత్రం సంగీతాన్ని చంపదు. కానీ మనం ఊరుకుంటే, వచ్చీరాని చేతులతో వాయించే ధైర్యాన్ని చంపుతుంది. తప్పులేని మాక్రో పాటల మధ్య తడబడే వేళ్లకు సిగ్గేస్తుంది. ఆ సిగ్గు పోగొట్టడం శ్రోతల పని.

తూకం వేస్తే

ఇన్ని ఆటల అనుభవం నుంచి కొన్ని సూత్రాలు తేలతాయి. వేళ్ల నైపుణ్యమే పరీక్ష అయిన చోట, అది లయ ఆట కావచ్చు, గిల్డ్ అనే ఆటగాళ్ల సంఘం పెట్టే వాయిద్యపోటీ కావచ్చు, మాక్రోకు చోటు ఇవ్వకూడదు. పోటీలు పెట్టేవాళ్లు చేతి వాయింపుకు, స్వరసంయోజనకు విడివిడిగా బహుమతులు పెడితే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. వాయిస్తే నాణేలో, అనుభవపు పాయింట్లో దానంతట అవే వచ్చే ఏర్పాటు ఉంటే, అది బొమ్మలను పుట్టిస్తుంది. స్టార్ వార్స్ గెలాక్సీస్ మిగిల్చిన హెచ్చరిక ఇదే. బహుమానం శ్రోత చేతిలోంచే రావాలి. దూరదూరపు ఆటగాళ్ల మేళాలకు ఫైలునో కాల సర్దుబాటునో ఆటే ఇవ్వాలి. అలా ఇచ్చిన ఆటలో దొంగచాటు ప్రోగ్రాముల అవసరం తగ్గుతుంది. ఫైలు మోగుతున్నప్పుడు వాయించే పాత్ర పక్కన ఒక చిన్న గుర్తు చూపిస్తే, ఎవరూ ఎవరినీ అనుమానించనక్కర్లేదు. వాయిద్యంలో అర్ధస్వరాలు, వీలైతే స్వరాన్ని వంచే సదుపాయం ఇస్తే, పాశ్చాత్య స్వరసప్తకానికి బయట పెరిగిన కోట్లమంది తమ పాట తాము వాయించుకోగలుగుతారు.

వీటన్నిటికన్నా ముందు ఆటగాళ్లు చేయగలిగినది ఒకటుంది. మీ దగ్గర ఎన్ని మాక్రో పాటలున్నా ఫర్వాలేదు, ఒక్క పాటను మాత్రం వేళ్లతో నేర్చుకోండి. మోహనంలో వరవీణా 21 మీటల మీద హాయిగా వస్తుంది, 15 మీటల మీద కూడా వస్తుంది. కూడలిలో ఎవరైనా మీ పక్కన వాయిద్యం పట్టుకుని నిలబడినప్పుడు ఫైలు ఆపేసి ఆ పాట అందుకోండి. తప్పులు పడతాయి, పడనివ్వండి. పక్కవాడు కలవడానికి సందు దొరికేది ఆ పాటలోనే.